ఈ గొంతు ఎవరిది?

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి, బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంటు మీటింగు గదిలో పన్నెండు పదమూడు మందిమి చేరతాం. ఫోన్లన్నీ ఒక స్టీలు గిన్నెలో వేసి మూతపెట్టి, పాత పాటలు వింటాం. పాట పేరు ముందుగా చెప్పరు. సినిమా పేరు చెప్పరు. పాడినవారి పేరు అసలే చెప్పరు. నలభై సెకండ్లు వినిపించి ఆపేస్తారు. ఎవరి గొంతు, ఏ కాలం నాటిది, గ్రామఫోను రికార్డా, సినిమాలోని పాటా, రేడియోలోదా అన్నది ఎవరికి వారు కాగితం మీద రాయాలి. అలాంటివి పది. తర్వాత జవాబులు, ఆ తర్వాత పోట్లాట, చివర కాఫీ. 2014లో మొదలుపెట్టాం. కరోనా రోజుల్లో తప్ప ఆగలేదు. నిర్వాహకుణ్ణి నేనే.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటి చెబుతాను. తెలియని మగగొంతు వినిపిస్తే మనవాళ్లు రాసే మొదటి జవాబు ఘంటసాల. ఆడగొంతయితే సుశీల. గొంతు మరీ గంభీరంగా ఉంటే మాధవపెద్ది సత్యం. ఈ మూడు పేర్లతో నూటికి నలభై మార్కులు తెచ్చుకోవచ్చని మా సభ్యుడొకాయన సూత్రం కూడా కనిపెట్టాడు. మిగిలిన అరవై మార్కుల సంగతే ఈ వ్యాసం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సంగీతం నేర్చుకోలేదు. రాగం పేరడిగితే పక్కవాడి కాగితంలోకి తొంగిచూసే రకం. కానీ లెక్క తేలని పద్దు కనిపిస్తే నిద్రపట్టదు. బ్యాంకులో ఎవరిదో తెలియని సొమ్ము వస్తే దాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. రోజూ దాన్ని కెలుకుతూ, వోచర్లు తిరగేస్తూ, సొంతదారుణ్ణి పట్టుకుని అతని ఖాతాకి చేర్చాలి. పదేళ్లు ఎవరూ కదిలించని డిపాజిట్లను రిజర్వు బ్యాంకు 2014 నుంచి ఒక ప్రత్యేక నిధికి మళ్లిస్తోంది. అప్పుడు కూడా హక్కుదారు వస్తే ఇచ్చి తీరాలి. మా ఆట పుట్టింది ఇలాంటి ఖాతా ఒకటి నా ఇంట్లోనే మిగిలిపోవడం వల్ల.

మా నాన్నగారిది హిందూపురం దగ్గర. బెంగుళూరు మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేసి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన దగ్గర రెండు చెక్కపెట్టెల నిండా గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. పద్యనాటకాలు, కీర్తనలు, సినిమా పాటలు. 1998లో నాకు బదిలీ వచ్చి ఇల్లు మారుతున్నప్పుడు, లక్కప్లేట్లు బరువు, పైగా పట్టుకుంటే పగిలే సరుకు, ఎందుకివన్నీ అని నేనే ఒక ఉపాయం ఆలోచించాను. నెలరోజులు నాన్నగారిని కూర్చోబెట్టి అన్నిటినీ క్యాసెట్లలోకి ఎక్కించాం. ఇరవైమూడు క్యాసెట్లయ్యాయి. తర్వాత ప్లేట్లను పాతసామాన్ల వ్యాపారికి ఒక్కోటి రెండు రూపాయల లెక్కన ఇచ్చేశాను. క్యాసెట్ల మీద మాత్రం “పాతవి 1”, “పాతవి 2” అని రాశాం. ప్లేటు మధ్య గుండ్రటి కాగితం మీద అచ్చయి ఉన్న పేర్లు ఎవరికి కావాలి, నాన్నగారికి అన్నీ తెలుసు కదా అనుకున్నాను. ఆయన 2003లో పోయారు.

ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు సండే బజారులో ఆ పెట్టెల కోసం వెతికాను. దొరకలేదు. చివరికి ఒక పాత లెడ్జరు తీసుకుని గీతలు గీశాను. క్రమసంఖ్య, క్యాసెట్టు, ఏ పక్క, గొంతు, పాట, తేలిన తేదీ. తేలని గొంతులు అరవై ఒకటి.

ఆట ఆలోచన మాత్రం నాది కాదు. కలకత్తాలో పనిచేసినప్పుడు మా బ్రాంచిలో జాజ్ సంగీతమంటే చెవికోసుకునే ఒక సహోద్యోగి ఉండేవాడు. ఆయనా ఆయన మిత్రులూ నెలకోసారి ఒకరింట్లో చేరి, ఒకరు రికార్డులు తెస్తే మిగతావాళ్లు ట్రంపెట్ ఎవరిది, పియానో ఎవరిది అని ఊహించేవాళ్లు. దీనికి మూలం అమెరికాలో ఉందని ఆయన చెప్పాడు. లెనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు 1946లో మెట్రోనోమ్ పత్రికలో ‘బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్’, అంటే కళ్లకు గంతలు కట్టి పెట్టే పరీక్ష, మొదలుపెట్టాడు. పేరు మోసిన వాద్యకారుణ్ణి కూర్చోబెట్టి, పేర్లు చెప్పకుండా రికార్డులు వినిపించి, అభిప్రాయం అడిగి అచ్చువేసేవాడు. తర్వాత అది డౌన్‌బీట్ పత్రికకి మారింది.

అందులో అందరూ చెప్పుకునేది 1951లో ట్రంపెట్ విద్వాంసుడు రాయ్ ఎల్‌డ్రిడ్జ్ పరీక్ష. నల్లజాతివాడైన ఎల్‌డ్రిడ్జ్ తెల్లవాళ్ల బృందాల్లో వాయించినప్పుడు చాలా అవమానాలు పడ్డాడు. వాయించేది నల్లవాడో తెల్లవాడో వినగానే చెప్పేస్తానని ఫెదర్‌తో పందెం కాశాడు. ఫెదర్ రికార్డులు వినిపించాడు. ఎల్‌డ్రిడ్జ్ చాలావాటిలో తప్పాడు. పందెం ఓడిపోయానని ఒప్పుకున్నాడు కూడా.

ఈ కథ విన్నప్పుడు నవ్వుకున్నాను గానీ, అదే కథ బెళ్ళందూరులో నా కళ్ల ముందే జరుగుతుందని అనుకోలేదు. మా సభ్యుల్లో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు ఒకరున్నారు. గోదావరి జిల్లా మనిషి. పుట్టుకతో తెలుగువాళ్ల ఉచ్చారణ వేరు, నేర్చుకుని పాడినవాళ్లది వేరు, రెండు చరణాలు వింటే చెప్పేస్తానని ఆయన అన్నారు. సరేనని మరుసటి నెల పది గొంతులూ ఆయన కోసమే ఏర్చాను. 1963 నాటి లవకుశలో లవుడికీ కుశుడికీ పాడిన ఇద్దరిలో ఒకావిడ విజయనగరం ఆడపడుచు పి. సుశీల, మరొకావిడ కేరళలోని పాలక్కాడు జిల్లా చిత్తూరులో పుట్టిన పి. లీల. లీల ఒక్కతే పాడిన పాట వినిపించాను. “ఇది మన కోనసీమ గొంతు, సందేహం లేదు” అన్నారు మాస్టారు. తర్వాత వినిపించిన మగగొంతుకి “అరవదేశపు మనిషి, లకారం దగ్గర దొరికిపోయాడు” అన్నారు. ఆ దొరికిపోయినాయన కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్. మాస్టారు నిజాయితీపరులు. కాగితం మీద తన మార్కులు తనే సున్నా వేసుకున్నారు. ఆ రోజు కాఫీ మాత్రం తాగకుండా వెళ్లిపోయారు. మరుసటి నెల మళ్లీ వచ్చారు.

పి. బి. శ్రీనివాస్ సంగతి వచ్చింది కనుక ఇంకో మాట. మా పక్క ఫ్లాటులోని కన్నడిగ మిత్రుడు ఒకసారి సరదాగా వచ్చి కూర్చున్నాడు. ఆయనకి రాజ్‌కుమార్ అంటే పి. బి. శ్రీనివాస్ గొంతే. 1974లో ‘సంపత్తిగె సవాల్’లో జి. కె. వెంకటేశ్ సంగీతంలో రాజ్‌కుమారే స్వయంగా పాడేదాకా చాలాకాలం తెర మీద ఆయన గొంతు మన కాకినాడ మనిషిదే. ఆ మిత్రుడికి నేను 1954 నాటి ‘కాళహస్తి మహాత్మ్యం’ పాట వినిపించాను. ‘బేడర కణ్ణప్ప’కి తెలుగు రూపమది. రాజ్‌కుమార్ నటించిన తెలుగు సినిమా అదొక్కటే. ఆయనకి అందులో పాడింది ఘంటసాల. మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. “మా దేవుడి నోట్లోంచి మీ గొంతు ఎందుకొస్తోంది?” అన్నాడు. ఇటు మనకి ఘంటసాల ఎంతో, అటు వాళ్లకి మనవాడొకడు అంత అని తెలిసినప్పుడు, పొరుగు రాష్ట్రంలో బతికే మనలాంటి వాళ్లకి కలిగే సంతోషం ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

సరే, పేర్ల సంగతికి వస్తాను. గొంతుకి పేరు ఎలా అతుక్కుంది?

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో దిగి పాటలు ముద్రించాడు. అప్పుడు మైకు లేదు. పెద్ద కొమ్ముబూర ముందు తల పెట్టి గట్టిగా పాడాలి. మూడు నిమిషాల్లో పాట ముగించాలి. ముద్రించిన మైనపు పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లాలి. అక్కడ ప్లేట్లు తయారై తిరిగి రావాలి. అక్కడి పనివాళ్లకి మన భాష ఏం తెలుస్తుంది? అందుకని పాట ముగియగానే పాడినవారు తమ పేరు తామే ఇంగ్లీషులో చెప్పుకునేవారు. గౌహర్ జాన్ “మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్” అని పలికింది ఇందుకే. దాన్నిబట్టి వాళ్లు సరైన కాగితం అంటించేవాళ్లు. అంటే ఆ పలుకు మనం అనుకున్నట్టు గర్వంతో అన్నది కాదు, శుద్ధంగా ఆఫీసు పని. 1908లో కలకత్తాలోనే సీల్దాలో కర్మాగారం పెట్టాక ఆ అవసరం తగ్గింది. గౌహర్ జాన్ చివరి రోజుల్లో మైసూరు మహారాజావారి ఆస్థానంలో చేరింది. 1930 జనవరి 17న మైసూరులోనే కన్నుమూసింది. మన ఇంటి నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం.

దక్షిణాదిన తొలి రోజుల్లో రికార్డులకి పాడినవాళ్లలో దేవదాసీ కుటుంబాల స్త్రీలే ప్రముఖులు. పెద్ద పెద్ద విద్వాంసులు యంత్రాన్ని చూసి వెనకాడితే, వీళ్లు ముందుకొచ్చారు. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ. ఊరే ఇంటిపేరు. వీళ్లు పాడిన కీర్తనలు చాలావరకు తెలుగువే. కోయంబత్తూరు తాయి రికార్డు ఒకటి 1912లో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి స్వరకర్త మోరిస్ డెలాజ్ చెవిన పడింది. ఆమె గానాన్నే పట్టుకుని ఆయన పియానో మీద ‘రాగమాలిక’ అనే రచన చేశాడు. పేరు చెక్కుచెదరకుండా ప్లేటు మీద ఉండబట్టి, అది ఎవరి గానమో పారిస్‌లో కూడా తెలిసింది.

నాగరత్నమ్మ గురించి ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పాల్సింది లేదు. నంజనగూడులో పుట్టి, మైసూరు, బెంగుళూరుల్లో పెరిగి, మద్రాసులో పేరు తెచ్చుకుని, తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించిన మనిషి. మా ఆట సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆమె చేసిన ఇంకో పని. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలతో పాటు, కవయిత్రి తన వంశం చెప్పుకున్న అవతారిక కూడా ఎగిరిపోయింది. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోయినవన్నీ చేర్చి 1910లో వావిళ్లవారి చేత అచ్చువేయించింది. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రధానిగా ఉన్నప్పుడు గానీ నిషేధం తొలగలేదు. నలుగురూ పద్యాల్లోని శృంగారం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఊడిపోయిన పేరును తిరిగి అతికించిన మనిషిగానే ఆమె కనిపిస్తుంది. బ్యాంకువాడి బుద్ధి.

సినిమాలొచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. నటులే పాడుకున్నంత కాలం ఇబ్బంది లేదు. ఒకరు నటించి మరొకరు పాడటం మొదలైంది. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కి రావు బాలసరస్వతీదేవి పాడింది. అంతకుముందే 1939లో ‘మళ్లీ పెళ్లి’లో నేపథ్యగానం ఉందని మా మాస్టారి వాదం. ఆ తగువు ఇంకా నడుస్తోంది. ఏది మొదటిదైనా, కనిపించే మనిషికీ వినిపించే గొంతుకీ మధ్య అప్పుడొక గోడ లేచింది. హిందీలో 1949 నాటి ‘మహల్’ సినిమాలో అందరికీ తెలిసిన ఆ పాట రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని అచ్చయింది. అది సినిమాలో పాత్ర పేరు. శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాసి రాసి అడిగితే గానీ లతా మంగేష్కర్ అని బయటికి రాలేదు.

ఏది మొదటిదన్నదాంట్లో మనం ఎంత ధీమాగా తప్పు చెబుతామో ‘భక్త ప్రహ్లాద’ చాలు. తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చాడు. మా ఆటలో నేను ఒకసారి పాత తేదీకే మార్కులిచ్చాను. తర్వాత లెడ్జరులో ఎర్రసిరాతో సరిదిద్దాను.

ఇక నా క్యాసెట్లలోని గొంతులు. అరవై ఒకటిలో నలభై నాలుగు ఈ పదేళ్లలో తేలాయి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు రెండింటిని మాస్టారు మొదటి నెలలోనే పట్టేశారు. అందరినీ ఏడిపించింది పదకొండో నంబరు. పదహారేళ్ల కుర్రాడి గొంతులా ఉండేది, తాళం పరుగులు తీసేది. నాలుగేళ్లు వినిపించాం. చివరికి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ఒక కుర్రాడు, “అంకుల్, మీ గ్రామఫోను స్పీడెంత?” అని అడిగాడు. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సింది. మా పాత పెట్టె స్ప్రింగు సరిగ్గా లేదు. 82 దాకా తిరిగినా శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. మాది అంతకన్నా ఎక్కువే తిరిగిందట. అతను కంప్యూటరులో వేగం తగ్గించి తెచ్చాడు. రెండో మాట దగ్గరే ముగ్గురు ఒకేసారి “మాధవపెద్ది!” అని అరిచారు. సూత్రం కనిపెట్టినాయన ఆ రోజు ఎంత పొంగిపోయాడో!

పదిహేడో నంబరు దగ్గర మాత్రం ఎవరి సూత్రమూ పనిచేయలేదు. పద్దెనిమిదో క్యాసెట్టు రెండో పక్క చివర, వాద్యాలేమీ లేకుండా ఒక మగగొంతు. చక్కని శ్రుతి, కానీ వృత్తిగాయకుడిలా లేదు. రేడియోలో లలితగీతమని కొందరు, భజన రికార్డని కొందరు. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ తేలలేదు.

బెళ్ళందూరు, వర్తూరు చుట్టుపక్కల పాతకాపు ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. చదవడం, రాయడం కన్నడంలో. మన పత్రిక వాళ్లకి చదివి వినిపించాలే గానీ చేతికిస్తే లాభం లేదు. అలాంటి ఇంటి పెద్దావిడ ఒకరు, ఎనభై దాటినావిడ, మనవరాలు తోడురాగా మా ఆటకి వస్తారు. ఊళ్లో నాటకాలాడిన రోజుల నుంచీ పద్యాలన్నీ ఆవిడకి కంఠస్థం. జవాబులు మనవరాలి చేత కన్నడ లిపిలో రాయిస్తారు. పోయిన ఏడాది నాలుగోసారి పదిహేడో నంబరు వేసి, అలవాటు ప్రకారం నలభై సెకండ్లకి ఆపాను.

“కడాకూ పెట్టప్పా” అన్నారావిడ. “మద్దెలో కోసేస్తే మనిషెట్ల తెలుస్తాడు? ఊపిరి యాడ తీస్తాడో చూడాల.”

నిజం చెప్పాలంటే ఆ ముక్కని నేనెప్పుడూ చివరిదాకా వినలేదు. కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ముందు భాగం కోసుకుని, మిగతాది వదిలేశాను. ఆ రోజు క్యాసెట్టే తెచ్చి పెట్టాం. పాట ఇంకో నిమిషం సాగింది. ముగిసింది. చిన్న దగ్గు. గొంతు సవరించుకోవడం. తర్వాత నవ్వాపుకుంటూ ఇంగ్లీషులో, “మై నేమ్ ఈజ్…” టేపు అయిపోయి టక్కున మీట లేచింది.

పేరు వినపడలేదు. అవసరం కూడా లేకపోయింది. ఆ దగ్గు ఉదయం ఆరింటికి మా ఇంట్లో ముప్ఫై ఏళ్లు వినిపించిన దగ్గు. ఆ నెలరోజుల్లో ఎప్పుడో, నేను ఆఫీసులో ఉన్నప్పుడు, టేపులో ఖాళీ మిగిలిందని నాన్నగారు తనే పాడి, గౌహర్ జాన్ లాగా పేరు చెప్పబోయారు. టేపు ఇంకెంత ఉందో లెక్క చూసుకోలేదు. వాళ్ల అబ్బాయిని నేను. నాలుగుసార్లు ఆ గొంతు పదిమందికి వినిపించి, ఎవరిదని అడిగాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ మాత్రం, “మీ నాయనా?” అన్నారు. ఔనన్నాను. “ఆపీసులో పన్జేసే మనిషని ముందే అనుకొంటి. రాగం తీసేదానికి టైము చూస్కుంటాడు” అన్నారు.

ఇంటికొచ్చాక చెల్లెలికి ఫోను చేసి వినిపించాను. ఆమె మొదటి మాటకే గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ తనకెందుకు వినిపించలేదని కోప్పడింది. ఆమె మైసూరులో ఉంటుంది, ఆటకి రాదు, అంతే కారణం.

లెడ్జరులో పదిహేడో నంబరు ఎదురుగా, గొంతు అన్న గడిలో నాన్నగారి పేరు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. పక్కనున్న పాట గడి ఖాళీగానే ఉంది. ఆయన పాడింది ఏ నాటకంలోదో, ఎవరు రాసిందో మాలో ఎవరికీ తెలియదు. పెద్దావిడకి కూడా. ప్లేట్లలో ఉండే ఉంటుంది. వచ్చే రెండో ఆదివారం మళ్లీ వేస్తున్నాను, ఈసారి చివరిదాకా. హిందూపురం, మడకశిర వైపు పద్యనాటకాలు ఎరిగిన పాఠకులెవరైనా బెళ్ళందూరు దాకా రాగలిగితే కాఫీ మాది.